గోడల మీది పురుగుల గూళ్ళు, బూజు తీసే పద్ధతి: ఒక రంగుల మేస్త్రి మాట

అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళకు రంగులు వేయడం నా వృత్తి. సంక్రాంతికి ఇల్లు కళకళలాడాలని కార్తీకం వెళ్ళకముందే కబుర్లు వస్తాయి. ఇంటివారు రంగుల కార్డు చేతికిచ్చి ఏ రంగు బాగుంటుందని అడుగుతారు. నేను మాత్రం ముందు సన్‌షేడ్ అడుగు చూస్తాను. జూన్‌లో మొదలైన వానలు వెనకపట్టేసరికి అక్కడ గొంగళి పురుగుల గూళ్ళు, దుమ్ము పట్టి వేలాడే బూజు, కందిరీగల మట్టి గూళ్ళు చేరి ఉంటాయి. కొబ్బరి, మునగ, బాదం చెట్ల నడుమ ఉండే మా కోనసీమ ఇళ్ళలో ఇవి ఏదో ఒక మూల తప్పక కనిపిస్తాయి.

"పండగ దగ్గర పడింది మేస్త్రీ, వాటి మీదనే రంగు వేసేయండి, కనబడకుండా పోతాయి" అని తొందరపెట్టేవారు ఉంటారు. "పోవు అమ్మగారూ" అనే చెబుతాను. పురుగు నేసిన దారం గోడకు అంటుకుని ఉంటుంది, మనం వేసిన రంగు ఆ దారానికి అంటుకుంటుంది. దారం ఊడిన రోజున రంగు పొర కూడా లేచి వస్తుంది. గూటి లోపల ప్రాణమున్న ప్యూపా (గొంగళి పురుగు రెక్కల పురుగుగా మారే నడిమి దశ) ఉంటే అది రెక్కల పురుగై కొత్త రంగును చీల్చుకుని బయటపడుతుంది. బయటికి వస్తూ గోధుమ రంగు ద్రవం వదులుతుంది. ఆ మరక తెల్ల గోడ మీద మామూలు పూతలు ఎన్ని వేసినా పైకి తేలుతుంది. రంగు వేయించే ఆలోచన లేనివారికి కూడా ఈ పని అవసరమే. ఒక్క ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది. ఈ ఏడు గోడ మీద వదిలేసిన గూళ్ళు వచ్చే ఏడు పెరట్లోని చెట్ల మీదికి గొంగళి పురుగులై వస్తాయి.

ఈ పనిలో నేను గట్టిగా పట్టుబట్టేవి రెండే. గూడు ఎవరిదో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. గోడ తడపకుండా చీపురు పెట్టకూడదు.

ఎవరి గూడో చూడటం

ఉదయపు ఎండ గోడ మీద ఏటవాలుగా పడే వేళ చూడండి. దారాలు మెరిసి బాగా కనిపిస్తాయి. ఎత్తున ఉన్నవాటిని ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది.

ముందుగా వెతకవలసింది వెంట్రుకల గొంగళి గూడు. బొంత పురుగు, కంబళి పురుగు అని మనం పిలిచే జాతుల్లో చాలావరకు గూడు కట్టుకునేటప్పుడు తమ ఒంటి వెంట్రుకలనే దారంలో కలిపి నేస్తాయి. గూడు బూడిద రంగులోనో గోధుమ రంగులోనో పలచగా, నూగు నూగుగా ఉంటుంది. సన్‌షేడ్ అడుగున, కిటికీ చట్రం మూలల్లో, ప్రహరీ గోడ మీది పలకల కింద ఇవి గుంపుగా దొరుకుతాయి. లోపలి పురుగు ఎప్పుడో ఎగిరిపోయి గూడు ఖాళీగా ఉన్నా ఆ వెంట్రుకలు అక్కడే ఉంటాయి, వాటి దురద గుణం పోదు. పొడి చీపురుతో ఒక్క దెబ్బ వేస్తే ఆ నూగు గాలిలో లేచి మెడ మీద, కళ్ళలో, ముక్కులో పడుతుంది. రంగుల పనివాళ్ళ ఒళ్ళంతా దద్దుర్లు రావడానికి చాలాసార్లు కారణం ఇదే. వాళ్ళేమో కొత్త రంగు పడలేదనుకుంటారు.

మునగ చెట్టు మీది గొంగళి పురుగు సంగతి కొంచెం వేరు. అది పగలు మాను మీద గుంపుగా అతుక్కుని ఉండి, రాత్రి ఆకు తినడానికి పైకి పోతుంది. గూడు కట్టుకోవడానికి మట్టిలోకి దిగుతుంది. కాబట్టి గోడ మీద అది పాకుతూ కనిపిస్తే గోడను పట్టించుకుని లాభం లేదు, చెట్టు దగ్గరికి వెళ్ళాలి. పగటి పూట మాను మీద ఉన్న గుంపును పొడుగాటి పుల్లతో సబ్బు నీళ్ళ బకెట్టులోకి దించితే చాలావరకు తీరిపోతుంది.

కొబ్బరి చెట్లు ఆనుకుని ఉన్న గోడల మీద గట్టిగా, కోలగా, గోధుమ రంగు పెంకుతో ఉండే గూళ్ళు కనిపించవచ్చు. అవి ఆకుతేలు గూళ్ళు. పురుగుగా ఉన్నప్పుడు దాని ముళ్ళు తగిలితే తేలు కుట్టినంత మంట. గూటి కొనన గుండ్రటి మూత తెరుచుకుని ఉంటే లోపలిది వెళ్ళిపోయినట్టు. మూత ఉన్నా లేకపోయినా వట్టి చేత్తో పట్టుకోవద్దు.

తీయకుండా వదిలేయవలసిన గూళ్ళు కూడా ఉన్నాయి. చచ్చిపోయిన ఒక గొంగళి పురుగు చుట్టూ బియ్యపు గింజ కన్నా చిన్నవైన తెల్లటి గూళ్ళు గుత్తిగా ఉంటే, అవి గొంగళి పురుగును లోపలి నుంచి తిని చంపిన చిన్న పరాన్నజీవి కందిరీగలవి. ఇవి మనుషులను కుట్టవు. మా దగ్గర అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి నల్లతల పురుగు మీద వదలడానికి ఇటువంటి పరాన్నజీవులను ప్రత్యేకంగా పెంచుతారు. రైతు వెతికి తెచ్చుకునే ప్రాణిని మనం చీపురుతో తుడిచేయడం న్యాయం కాదు. రంగు వేయక తప్పకపోతే ఆ గుత్తిని ఒక కాగితం మీదికి మెల్లగా జార్చి చెట్టు కొమ్మల నడుమ పెట్టండి. గోడ పగుళ్ళలో గుండ్రంగా తెల్లగా కనిపించేవి బల్లి గుడ్లు. అవి కూడా అలాగే ఉండనివ్వండి, దీపం చుట్టూ చేరే పురుగుల్ని తినేది బల్లే.

వరండా గోడల మీద సెంటీమీటరు పొడవున, రెండు కొనలూ సన్నగా నడుమ వెడల్పుగా, ఇసుక, దుమ్ము అతికించినట్టుండే చిన్న సంచులు చూసే ఉంటారు. వాటిలోంచి ఒక పురుగు తల బయటపెట్టి సంచిని ఈడ్చుకుంటూ నడుస్తుంది. దాని తిండి పాత బూజు, ఉన్ని, రాలిన వెంట్రుకలు. వాటిని ఒక్కొక్కటిగా ఏరడం కన్నా బూజు తీసేస్తే మేలు. తిండి లేకపోతే ఉండదు.

సాలెగూళ్ళ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మూలల్లో వేలాడే బూజు, గోడ రంధ్రం చుట్టూ దుమ్ము పట్టి గుండ్రంగా పరుచుకున్న వల, గోడకు బల్లపరుపుగా అతుక్కున్న తెల్లటి కాగితం లాంటి గుడ్ల సంచి, ఇవే ఎక్కువ. మన గోడల మీది సాలీళ్ళు దాదాపు అన్నీ మనిషికి హాని చేయనివి.

మట్టి గూళ్ళకు వస్తే, సన్న నడుము కందిరీగ తడి మట్టి ముద్దలు తెచ్చి గదులు గదులుగా కట్టి, సాలీడునో గొంగళి పురుగునో కుట్టి మత్తెక్కించి లోపల పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూస్తుంది. పిల్ల ఆ తిండి తిని పెరిగి కందిరీగగా బయటికి వస్తుంది. లోపలికి వెళ్ళింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ కాబట్టి ఝుంకారం వింటూ పురుగే అలా మారిపోయిందని పెద్దలు భ్రమర కీటక న్యాయం చెప్పారు. మనకు కావలసింది మాత్రం గూటి మీది రంధ్రం. గుండ్రటి రంధ్రాలుంటే లోపలివి వెళ్ళిపోయాయి, ధైర్యంగా తీయవచ్చు. మూసి ఉంటే లోపల పిల్ల ఉంది. ఈ కందిరీగ గూటికి కాపలా కాయదు, మీద పడి కుట్టదు. రంగుకు తొందర లేనివారు ఖాళీ అయ్యేదాకా ఆగవచ్చు.

కాగితం లాంటి గదులతో తొడిమకు వేలాడే కందిరీగ తుట్టె దగ్గర ఈ ధైర్యం పనికిరాదు. కందిరీగలు తిరుగుతూ ఉంటే ఆ వైపు పని ఆపేయండి. పెద్ద కందిరీగలు, పెద్ద తేనెటీగల పట్టు అయితే ఎవరి ప్రోద్బలం మీదా చెయ్యి పెట్టకండి. తెలిసిన మనిషిని పిలిపించండి. ప్రమాదంగా ఉంటే అగ్నిమాపక శాఖకు, 101కు ఫోను చేయండి.

కావలసిన సామాను

పొడుగాటి వెదురు కర్ర, దాని కొనకు చుట్టడానికి పాత నూలు చీర ముక్క, మెత్తటి కుచ్చుల బ్రష్షు, కొబ్బరి పీచు, స్పాంజి, లప్పం పట్టీ (గోడకు లప్పం పూసే పలచటి రేకు), రెండు బకెట్లు, చేతితో పంపు కొట్టే స్ప్రేయర్. ఈ స్ప్రేయర్ పురుగుమందు వాడనిదై ఉండాలి, పొలం నుంచి తెచ్చింది వద్దు. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు, తలకు గుడ్డ. మెడ చుట్టూ తువ్వాలు కట్టుకోవడం చాలామంది మరిచిపోతారు. తల ఎత్తి పని చేసేటప్పుడు నూగు పడేది అక్కడే.

నిచ్చెన గోడకు ఆనే ఎత్తు నాలుగు అడుగులైతే కాళ్ళు గోడకు ఒక అడుగు దూరంలో ఉండాలి. ఎత్తు పెరిగితే ఆ లెక్కలోనే దూరమూ పెంచండి. కింద ఒకరు పట్టుకోవాలి. కరెంటు తీగలు దగ్గరుంటే అల్యూమినియం నిచ్చెన తేవద్దు. మీటరు పెట్టె, బయటి స్విచ్చులు, ఏసీ యూనిట్ ఉన్న చోట మెయిన్ ఆపకుండా నీళ్ళు చల్లవద్దు. ఆపిన తరువాత కూడా పెట్టె మీద స్ప్రే చేయకుండా పిండిన తడి గుడ్డతో తీయండి.

తడపడం, తీయడం

నీడ ఉన్న వైపు మొదలుపెట్టండి. ఎండ పడే గోడ మీద సబ్బు నీళ్ళు నిమిషాల్లో ఆరిపోయి చారలు కడతాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు వెంట్రుకల గూళ్ళ జోలికి వెళ్ళవద్దు. పిల్లలను, పశువులను ఆ వైపు రానివ్వకండి. కిటికీలు మూసి, కింద పాత దుప్పటి కాకుండా ప్లాస్టిక్ పట్టా పరవండి. దుప్పటిలో నూగు చిక్కుకుంటే ఉతికినా వదలదు.

లీటరు నీళ్ళకు ఒక చెంచా గిన్నెలు తోమే ద్రవం కలిపి స్ప్రేయర్‌లో పోయండి. గూడు మీద నేరుగా ధార కొట్టకుండా, తుంపర మెల్లగా పడేలా తడపండి. పూర్తిగా నానే వరకు రెండు మూడు సార్లు తడుపుతూ పది నిమిషాలు ఆగండి. తడిసిన వెంట్రుక ఎగరదు. ఈ పని మొత్తంలో ఒంటికి రక్షణ ఇదే.

నానిన తరువాత లప్పం పట్టీని గోడకు దాదాపు సమాంతరంగా పెట్టి గూటి అంచు కిందికి తోసి, గూడును ఒక్క ముక్కగా లేపి నేరుగా సబ్బు నీళ్ళ బకెట్టులో వేయండి. గీకితే రంగు పోతుంది, తోసి లేపితే పోదు. మొండిగా అంటుకున్న దారం మీద వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కొద్దిసేపు అదిమి పట్టండి. పట్టు దారాన్ని అంటించి ఉంచే జిగురు వేడి నీటిలో కరుగుతుంది. హిందూపురం వైపు పట్టుగూళ్ళు కొన్నవారు దారం తీయడానికి ముందు వాటిని మరిగే నీళ్ళలో వేసేది కూడా ఇందుకే. మన గోడకు అంత మరుగు అక్కరలేదు, చెయ్యి తట్టుకునే వేడి చాలు.

బూజుకు పద్ధతి వేరు. దులిపితే అది ముక్కలై పక్క గోడకు అంటుకుంటుంది. కర్ర కొనకు చుట్టిన గుడ్డను తడిపి గట్టిగా పిండి, బూజు మధ్యలో ఆనించి కర్రను ఒకే వైపు తిప్పుతూ వల మొత్తం గుడ్డకు చుట్టుకునేలా తీయండి. పై మూలల నుంచి కిందికి రావాలి. సాలీడు గుడ్డ మీదికి వస్తే చెట్టు దగ్గర విదిలించండి. సన్‌షేడ్ అడుగున అంచు వెంబడి నీళ్ళు వెనక్కి పారకుండా ఒక గాడి ఉంటుంది. బూజూ గూళ్ళూ ఎక్కువగా దాక్కునేది అందులో. పాత పళ్ళ బ్రష్షుతో ఆ గాడిని ఈ కొన నుంచి ఆ కొన వరకు శుభ్రం చేయకపోతే మిగతా శ్రమ వృథా.

మట్టి గూటిని పొడిగా గీకితే కింది రంగు పెచ్చుతో సహా వస్తుంది. బాగా తడిపి మట్టి రంగు ముదిరే దాకా ఆగి, లప్పం పట్టీతో లేపండి. మిగిలిన మట్టి పొరను వెంటనే రుద్దితే గోడంతా పులుముకుంటుంది. ఆరనిచ్చి పొడి బ్రష్షుతో దులిపి, ఆ తరువాత స్పాంజితో తుడవండి. వెంట్రుకల గూళ్ళ పక్కన మట్టి గూడుంటే ముందు వెంట్రుకల పని పూర్తిగా ముగించాకే ఈ పొడి బ్రష్షు తీయాలి.

గోడకు ఏం వేసి ఉందో దాన్నిబట్టి చెయ్యి మారాలి. సిమెంటు రంగు మీద కొబ్బరి పీచు వాడవచ్చు. ఎమల్షన్ మీద స్పాంజి చాలు. సున్నం వేసిన పాత గోడను రుద్దితే సున్నమే కరిగి వస్తుంది, తడి గుడ్డ అద్ది ఎత్తడమే. తలుపులు, కిటికీల ఎనామిల్ మీద బట్టల సోడా పడితే మెరుపు పోతుంది.

బకెట్టులో వేసిన గూళ్ళను ఒక రాత్రి సబ్బు నీళ్ళలోనే ఉంచి, మర్నాడు పెరట్లో గొయ్యి తీసి పూడ్చండి. కుప్ప పోసి కాల్చవద్దు. పొగతో పాటు వెంట్రుకలు లేచి ఊపిరిలోకి పోతాయి. గోడకు దివిటీ పెట్టడం ఇంకా ప్రమాదం. కిరసనాయిలు చల్లితే గోడ నూనె తాగుతుంది, తరువాత దాని మీద రంగు పట్టదు. పురుగుమందు కొట్టేవారికి కూడా ఒక మాట. గూటిలో ఉన్న ప్యూపా ఏమీ తినదు, చుట్టూ దారపు పొర కాపాడుతుంది. మందు దాని దాకా చేరడం తక్కువ. అది చేరేది మీ పిల్లలు చెయ్యి పెట్టే గోడకూ, బల్లికీ, సాలీడుకూ.

ఒంటికి తగిలితే

రుద్దకండి, గోకకండి. మన పల్లెల్లో కంబళితో రుద్దే అలవాటు ఉంది. రుద్దితే వెంట్రుకలు విరిగి చర్మంలోకి ఇంకా దిగుతాయి. అతికించే టేపును తగిలిన చోట మెల్లగా అద్ది లాగండి, కొత్త ముక్కతో మళ్ళీ అలాగే చేయండి. ఆ తరువాత సబ్బు నీళ్ళు ధారగా పోసి కడిగి, చల్లటి తడి గుడ్డ వేయండి. కంట్లో పడితే శుభ్రమైన నీటితో చాలాసేపు కడుగుతూ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం, పెదవులు వాచినా ఇంట్లో చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. పని బట్టలను విడిగా వేడి నీళ్ళలో ఉతకాలి.

మరకలు, మళ్ళీ రాకుండా చూడటం

గూళ్ళు పోయాక గోధుమ రంగు మచ్చలు మిగులుతాయి. ముందు సబ్బు నీళ్ళు. పోకపోతే తెల్ల గోడకైతే లీటరు నీళ్ళలో ఒక చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటితో అద్ది, కొద్దిసేపటికి కడిగేయండి. రంగు గోడ మీద ఇది వాడితే వెలిసిపోతుంది. బ్లీచింగ్‌లో యాసిడ్, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే ద్రవం ఏదీ కలపకండి, విషవాయువు వస్తుంది. అప్పటికీ పోని మరకకు మరకలను ఆపే ప్రైమర్ వేయక తప్పదు.

పురుగులు మన గోడకు రావడానికి పెద్ద కారణం దీపం. వరండాలో తెల్లటి, నీలపు ఛాయ ఉన్న బల్బు రాత్రంతా వెలిగితే ఉసిళ్ళ నుంచి రెక్కల పురుగుల దాకా అన్నీ అక్కడికే వస్తాయి. వాటి వెంట సాలీడు వస్తుంది. పసుపు ఛాయ ఎల్‌ఈడీ బల్బుకు చేరే పురుగులు తక్కువ. పని లేనప్పుడు ఆర్పితే ఇంకా మేలు. తరువాతది చెట్టు కొమ్మ. గోడకు తగులుతున్న మునగ, బాదం, కాగితపు పూల కొమ్మలను రెండు అడుగుల దూరం ఉండేలా కొట్టించండి. పైపులు గోడలోకి దిగే చోట ఖాళీలను సిమెంటుతో, సన్న పగుళ్ళను బయటి గోడల లప్పంతో మూయండి. వెంటిలేటర్లకు మెష్ బిగించండి.

ఇంకొకటి, మా వృత్తివాళ్ళలో చాలామంది దాటేసేది. సన్‌షేడ్ అడుగుకు లప్పం పెట్టరు, రెండో పూత వేయరు, కింద నుంచి కనబడదని. గరుకుగా ఉన్న కాంక్రీటు పురుగు దారానికి మంచి పట్టు ఇస్తుంది. నున్నగా లప్పం పెట్టి రెండు పూతలు వేసిన అడుగున గూళ్ళు తక్కువ పడతాయి, పడినవి తడి గుడ్డకే వచ్చేస్తాయి. మీ మేస్త్రితో బేరం మాట్లాడేటప్పుడే ఆ అడుగు కూడా లెక్కలో చేర్చమని అడగండి.

కడిగిన గోడకు వెంటనే రంగు వద్దు. మా కోస్తా తేమకు మూడు నాలుగు రోజులైనా ఆరాలి. అనుమానం ఉంటే జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి దాని లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఇంకో రెండు రోజులు ఆగి మళ్ళీ చూడండి. పొడిగా ఉంటే ప్రైమర్ మొదలుపెట్టవచ్చు.